విద్యార్థికి ల్యాప్‌టాప్ ఇచ్చే ముందు

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





విద్యా సహాయం గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు అడిగారు. ఫీజుల గురించి, స్కాలర్‌షిప్‌ల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడిని. అవసరమైతే యంత్రాన్ని విప్పి బాగుచేసేవాడిని. కనుక నాకు తెలిసిన ఒక్క విషయమే మాట్లాడతాను. కాలేజీలో చేరిన పేద విద్యార్థికి తక్కువ ఖర్చులో ల్యాప్‌టాప్ కొనాలంటే ఏం చూడాలి? మీరిచ్చే రూపాయి నాలుగేళ్లు పనికి రావాలంటే ఏం చేయాలి?

ఒకప్పుడు విద్యా సహాయం అంటే పుస్తకాలు, ఫీజు, హాస్టల్ ఖర్చు. ఇప్పుడు దరఖాస్తుల్లో ల్యాప్‌టాప్ కూడా కనిపిస్తోంది. "ఫోన్ ఉంది కదా, ల్యాప్‌టాప్ ఎందుకు?" అని కొందరు పెద్దలు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఫోన్‌తో జరిగే పనులు చాలా ఉన్నాయి. ఎంసెట్ అని మనం ఇంకా పిలుచుకునే ఈఏపీసెట్ ఫలితాలు చూసుకోవచ్చు. డిగ్రీ ప్రవేశాలకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు. ఐఐటీల అధ్యాపకులు చెప్పిన ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితంగా వినవచ్చు. కానీ నలభై పేజీల ప్రాజెక్టు రిపోర్టు ఫోన్‌లో రాయలేరు. ప్రోగ్రామ్ రాసి, తప్పులు సరిచేసి నడిపించడం ఫోన్‌లో కుదిరే పని కాదు. భవనం ప్లాను గీయలేరు. అన్నిటికంటే ముఖ్యం, చివరి ఏడాదిలో కంపెనీలు పెట్టే ఆన్‌లైన్ పరీక్షలు. చాలా పరీక్షల్లో కెమెరా ఉన్న కంప్యూటర్ ముందు కూర్చుని, గడువు లోపల ప్రోగ్రామ్ రాసి చూపించాలి.

ఆటో నడిపే తండ్రి, ఇంట్లో కుట్టుపని చేసే తల్లి ఉన్న కుటుంబంలో పిల్లకు ఇంజినీరింగ్ సీటు వచ్చిందనుకుందాం. ఫీజు రీయింబర్స్‌మెంట్ ట్యూషన్ ఫీజు చూసుకుంటుంది. ల్యాప్‌టాప్ దాని కిందికి రాదు. మూడు సంవత్సరాలు కాలేజీ ల్యాబ్‌లో దొరికిన గంటతోనో, స్నేహితురాలి దగ్గర అడిగి తెచ్చుకున్న యంత్రంతోనో నెట్టుకొస్తుంది. పక్క బెంచీలో కూర్చున్న పిల్లవాడు ఇంటికి వెళ్లి రోజూ రెండు గంటలు సాధన చేస్తాడు. ఇద్దరికీ తెలివి సమానమే. పరీక్ష రోజున మాత్రం వేళ్లకు ఉన్న అలవాటు సమానంగా ఉండదు. సీటు సంపాదించిన పిల్ల ఉద్యోగం దగ్గర ఆగిపోకూడదు. మనం ఈ విషయంలో ఇంత శ్రద్ధ పెట్టవలసిన కారణం అదే.

మొదట అడగవలసింది కోర్సు పేరు

దుకాణానికి వెళ్లగానే "బడ్జెట్ ఎంత?" అంటారు. మనం మొదట విద్యార్థిని అడగవలసింది "ఏం చదువుతున్నావమ్మా?" అని. కోర్సును బట్టి అవసరం మారుతుంది.

బీఏ, బీకాం, బీఎడ్, నర్సింగ్ వంటి చదువులకు రాయడం, చదవడం, లెక్కల పట్టికలు, ప్రెజెంటేషన్లు, ఇంటర్నెట్ ముఖ్యం. బీకాం కంప్యూటర్స్ వారికి ట్యాలీ కూడా కావాలి. ఈ పనులకు సాధారణ ల్యాప్‌టాప్ చాలు. మంచి సెకండ్‌హ్యాండ్ యంత్రం అయితే ఇంకా మేలు.

బీటెక్ కంప్యూటర్ సైన్స్, బీసీఏ, ఎంసీఏ వారికి సీ, జావా, పైథాన్ నేర్చుకోవడానికి కూడా మధ్యస్థమైన యంత్రం సరిపోతుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు తయారు చేసే ఆండ్రాయిడ్ స్టూడియో మాత్రం బరువైనది. దానికి 8 జీబీ ర్యామ్ కనీసం ఉండాలి, 16 ఉంటే హాయిగా నడుస్తుంది. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ చదువుతున్నామని, లక్ష రూపాయల గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలని కొందరు పిల్లలు అడుగుతారు. నేర్చుకునే దశలో అది అవసరం లేదు. గూగుల్ కోలాబ్ అనే సేవలో బ్రౌజర్ నుంచే, పరిమితంగానే అయినా ఉచితంగా, శక్తిమంతమైన గ్రాఫిక్స్ చిప్‌లను వాడుకోవచ్చు. ఇంట్లో ఉన్న సాధారణ ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్ ఉంటే పని జరుగుతుంది.

సివిల్, మెకానికల్, ఆర్కిటెక్చర్ వారి సంగతి వేరు. ఆటోక్యాడ్, రెవిట్, సాలిడ్‌వర్క్స్ వంటివి వాడాలి. వీటిలో రెవిట్, సాలిడ్‌వర్క్స్ విండోస్ మీద నడిచేలా తయారైనవి. కనుక ఈ పిల్లలకు క్రోమ్‌బుక్ గానీ, మ్యాక్‌బుక్ గానీ కొనిపెడితే చదువు దగ్గరే ఇబ్బంది వస్తుంది. వారికి 16 జీబీ ర్యామ్, మంచి ప్రాసెసర్, వీలైతే విడిగా గ్రాఫిక్స్ చిప్ ఉన్నది చూడాలి. మన డబ్బు కొంచెం ఎక్కువ పెట్టవలసింది ఇక్కడే. ఆటోడెస్క్ సంస్థ అర్హులైన విద్యార్థులకు ఆటోక్యాడ్, రెవిట్ ఉచితంగానే ఇస్తుంది. సాఫ్ట్‌వేర్ కోసం దొంగ కాపీల జోలికి పోనవసరం లేదు.

డబ్బా మీద రాసిన అంకెలు

ఇక యంత్రం లోపలికి వద్దాం. నాలుగు భాగాలు గుర్తుంచుకుంటే చాలు. ప్రాసెసర్, ర్యామ్, స్టోరేజి, తెర.

ప్రాసెసర్ ల్యాప్‌టాప్‌కు మెదడు. ఐ3, ఐ5 అనే పేరు ఒక్కటే చూసి మోసపోకండి. ఆ పక్కన ఉన్న అంకె ముఖ్యం. ఐ5-8250యు అంటే 8వ తరం. ఐ3-1215యు అంటే 12వ తరం. పేరులో చిన్నదైనా, 2022లో వచ్చిన ఆ ఐ3లో ఆరు కోర్లున్నాయి. ఎనిమిదో తరం ఐ5లో నాలుగే ఉన్నాయి. 2023 చివరి నుంచి ఇంటెల్ కొత్త చిప్‌ల పేర్లలో 'ఐ' తీసేసి కోర్ 3, కోర్ 5, కోర్ అల్ట్రా అంటోంది. అవి చూసి కంగారు పడకండి.

ఏఎండీ రైజెన్ చిప్‌లలో ఇంకొక మెలిక ఉంది. రైజెన్ 5 7520యు, రైజెన్ 5 7530యు అని రెండు చిప్‌లున్నాయి. పేరు చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. మూడో అంకె చూడండి. మొదటిదానిలో 2 ఉంది, అంటే 2019 నాటి జెన్ 2 నిర్మాణం, నాలుగు కోర్లు. రెండోదానిలో 3 ఉంది, అంటే దాని తర్వాత వచ్చిన జెన్ 3, ఆరు కోర్లు. రెండిటి మీదా రైజెన్ 5 అనే రాసి ఉంటుంది. ధరలో తేడా తక్కువగా ఉంటే రెండోదే తీసుకోవాలి. పైగా 7520యు ఉన్న యంత్రాల్లో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, తర్వాత పెంచుకోవడానికి వీలుండదు.

అన్నిటికంటే చౌకగా కనిపించే సెలెరాన్ ఎన్4020 వంటి చిప్‌లతో జాగ్రత్త. రెండే కోర్లు. ఇచ్చిన రోజు ఫొటోకు బాగానే ఉంటుంది. నాలుగు ట్యాబ్‌లు తెరిచి, ఆన్‌లైన్ క్లాసు వింటూ నోట్సు రాసుకోవాలంటే నత్తనడక నడుస్తుంది.

ర్యామ్ అంటే పని చేసుకునే బల్ల లాంటిది. బల్ల చిన్నదైతే ఒక పుస్తకం తీసి ఇంకొకటి పెట్టుకోవాలి. ఈ రోజుల్లో 4 జీబీ చాలదు. కనీసం 8 జీబీ ఉండాలి. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న, ర్యామ్ పెంచుకోవడానికి ఖాళీ స్లాట్ ఉందా అన్నది. స్లాట్ ఉంటే మొదటి ఏడాది 8తో మొదలుపెట్టి, మూడో ఏడాది అవసరమైనప్పుడు ఇంకో 8 వేయించవచ్చు. స్లాట్ లేకపోతే కొన్నరోజు ఉన్నదే నాలుగేళ్లూ.

స్టోరేజిలో మూడు రకాలు వినిపిస్తాయి. పాత హార్డ్ డిస్కు తిరిగే చక్రం లాంటిది, నిదానం. ఈఎంఎంసీ అనేది ఫోన్లలో, చవక యంత్రాల్లో పెట్టేది, 64 జీబీ ఉంటే విండోస్‌కే సగానికి పైగా పోతుంది. మనకు కావలసింది ఎస్ఎస్‌డీ. 256 జీబీ కనీసం, 512 ఉంటే సంతోషం. పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేస్తే అదే యంత్రం కొత్తదానిలా లేస్తుంది. చదువు కోసం పెట్టే ఖర్చుల్లో ఇంత ఫలితం ఇచ్చేది నేను ఇంకొకటి చూడలేదు.

తెర విషయంలో 1920 బై 1080 అని ఉన్నది, ఐపీఎస్ రకం అయితే మంచిది. 1366 బై 768 తెర మీద ప్రోగ్రామ్ రాసే పిల్లలకు కళ్లు లాగుతాయి. రోజూ ఆర్టీసీ బస్సులో కాలేజీకి మోసుకెళ్లే పిల్లలకు 14 అంగుళాలది సులువు. హాస్టల్లో బల్ల మీదే ఉండేదైతే 15.6 అంగుళాలది పరవాలేదు. బరువు ఒకటిన్నర కిలోల దగ్గర ఉంటే మోయవచ్చు.

కొత్తదా, పాతదా?

దాతల్లో చాలామందికి ఇక్కడ మొహమాటం ఉంటుంది. "ఇచ్చేది కొత్తదే ఇవ్వాలి, పాతది ఇస్తే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు" అంటారు. ఆ మాట వెనక ఉన్న మనసు మంచిదే. కానీ తక్కువ డబ్బులో కొత్తగా వచ్చే బలహీనమైన యంత్రం కంటే, అదే డబ్బుకు వచ్చే మంచి పాత యంత్రం చాలాసార్లు ఎక్కువ రోజులు నిలుస్తుంది.

పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులకు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లను కొన్నేళ్ల తర్వాత ఒకేసారి మార్చేస్తాయి. అవి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి మార్కెట్లకు వస్తాయి. లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ ల్యాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ అనే పేర్లు గుర్తుంచుకోండి. ఇవి ఆఫీసు వాడకం కోసం గట్టిగా తయారైనవి. కీలు ఊడిపోవడం, మూత పగలడం తక్కువ. చాలా మోడళ్లలో ర్యామ్, ఎస్ఎస్‌డీ, బ్యాటరీ మార్చుకోవచ్చు.

అయితే ఒక గీత దాటకూడదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచి పైది కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. అందువల్ల 6వ, 7వ తరం యంత్రాలు మార్కెట్లో చవకగా దొరుకుతున్నాయి. చవకగా దొరకడానికి కారణం అదే. థింక్‌ప్యాడ్ టీ480, ల్యాటిట్యూడ్ 7490, ఎలైట్‌బుక్ 840 జీ5 వంటివి 8వ తరం చిప్‌తో దొరుకుతాయి. వాటికి ముందు వచ్చిన టీ470, 7480, 840 జీ4 వంటివి ఆ గీతకు అవతలివి. ఒక్క అంకె తేడా, నాలుగేళ్ల తేడా. మన డబ్బుతో కొనేది 8వ తరానికి తక్కువ ఉండకూడదు. వీలైతే 10, 11 తరాలు చూడండి.

ఎవరైనా ఉచితంగా 7వ తరం యంత్రం ఇస్తే పారేయనక్కరలేదు. ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థలు వేస్తే ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారికి చక్కగా పనికొస్తుంది. ట్యాలీ, ఆటోక్యాడ్ కావలసినవారికి మాత్రం అది సరిపోదు.

పాతది కొనేటప్పుడు అరగంట పరీక్ష

పాత ల్యాప్‌టాప్ కొనేటప్పుడు కంప్యూటర్ తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్లండి. అరగంట సమయం అడగండి. ఇవి చూడండి.

ఒకటి, బ్యాటరీ. విండోస్‌లోనే బ్యాటరీ రిపోర్ట్ తీసే ఆదేశం ఉంది. తయారైనప్పుడు ఎంత పట్టేదో, ఇప్పుడు ఎంత పడుతోందో రెండు అంకెలూ చూపిస్తుంది. సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ధర తగ్గించి ఇవ్వమనండి. కరెంటు కోతలుండే ఊళ్లలో చదువుకునే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

రెండు, తాళాలు. యంత్రం ఆన్ చేసేటప్పుడు బయాస్ పాస్‌వర్డ్ అడుగుతుందా చూడండి. విండోస్‌ను మొదటినుంచి రీసెట్ చేయించి, ఇంటర్నెట్ కలపండి. ఏదైనా కంపెనీ పేరు చూపించి ఆ కంపెనీ ఈమెయిల్‌తో లాగిన్ కమ్మంటే, అది ఇంకా ఆ కంపెనీ జాబితాలోనే ఉందన్న మాట. దాన్ని అక్కడే వదిలేయండి. ఎంత చవకైనా వద్దు. దొంగసొత్తు కావచ్చు, రేపు తాళం పడవచ్చు.

మూడు, చేతితో తాకి చూడవలసినవి. ప్రతి కీ నొక్కి చూడండి. మూత పదిసార్లు తెరిచి మూయండి. తెల్లని తెర పెట్టి మచ్చలున్నాయేమో చూడండి. కెమెరా, మైకు, వైఫై, ప్రతి యూఎస్‌బీ పోర్టు పరీక్షించండి. కంపెనీ పరీక్షలు రాసేటప్పుడు కెమెరా లేకపోతే పిల్లను లోపలికే రానివ్వరు.

నాలుగు, ఎస్ఎస్‌డీ ఆరోగ్యం. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తే నిమిషంలో చెబుతుంది.

ఐదు, బిల్లు. సీరియల్ నంబర్ రాసిన బిల్లు, రాతపూర్వకమైన వారంటీ లేకుండా డబ్బు ఇవ్వకండి. అదే నంబర్ కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే అది ఏ మోడల్, వారంటీ ఎప్పటివరకు అన్నది తెలుస్తుంది.

దుకాణంలో వినిపించే మాటలు

కొత్తది కొనేటప్పుడు కొన్ని మాటలు వినిపిస్తాయి.

"సార్, ఇది అయిదు వేలు తక్కువ" అంటారు. లోపల విండోస్ లేకుండా డాస్ అని రాసి ఉంటుంది. లినక్స్ వాడే పిల్లకైతే అది లాభమే. విండోస్ కావలసిన పిల్లకు లైసెన్సు ఖర్చు తర్వాత పడుతుంది. దుకాణంవాడు "నేను వేసిస్తాలే" అంటే అది దొంగ కాపీ అయి ఉండవచ్చు. యాక్టివేషన్ సరిగా ఉందో లేదో సెట్టింగ్స్‌లో చూడండి.

"నో కాస్ట్ ఈఎంఐ, వడ్డీ లేదు" అంటారు. దీని గురించి మన కుటుంబాలు తప్పక తెలుసుకోవాలి. చాలా సందర్భాల్లో బ్యాంకు వడ్డీ వసూలు చేస్తూనే ఉంటుంది. ఆ వడ్డీ మేరకు అమ్మకందారు ముందే ధర తగ్గిస్తాడు, లేదా తగ్గించవలసిన డిస్కౌంటు ఆపేస్తాడు. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము వేరే పడతాయి. సున్నా వడ్డీ అనే పద్ధతిని రిజర్వు బ్యాంకు 2013లోనే తప్పుపట్టింది. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే తండ్రి ఆ మాట నమ్మి సంతకం పెట్టి, తర్వాత స్టేట్‌మెంట్‌లో వడ్డీ చూసి బాధపడకూడదు. రొక్కం ధర ఎంత, ఈఎంఐతో మొత్తం ఎంత అని రెండు అంకెలూ కాగితం మీద రాయించుకోండి. తేడా కళ్లకు కనిపిస్తుంది. ఇటువంటి కుటుంబానికి సొసైటీ వడ్డీలేని అప్పు ఇచ్చి, నెలకు కొంత తిరిగి తీసుకుంటే అది కూడా గొప్ప సహాయమే.

"ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కొనుక్కోవాలి" అంటారు. లిబ్రే ఆఫీస్ పూర్తిగా ఉచితం. మైక్రోసాఫ్ట్ వర్డ్, ఎక్సెల్ కూడా బ్రౌజర్‌లో ఉచితంగా వాడుకోవచ్చు. చాలా కాలేజీలు విద్యార్థులకు ఈమెయిల్ ఇస్తాయి, దానితో అదనపు సౌకర్యాలు రావచ్చు. ముందు కాలేజీలో అడగమనండి.

చార్జర్ విషయంలో పొదుపు వద్దు. ఒరిజినల్‌ది, లేదా బీఐఎస్ నమోదు గుర్తు ఉన్నది తీసుకోండి. ఫుట్‌పాత్ చార్జర్ వల్ల బోర్డు కాలిన యంత్రాలు నా బల్ల మీదికి చాలా వచ్చాయి.

మన సొసైటీ చేయదగినది

ఇక మనందరి బాధ్యత గురించి. ధరలు నెలనెలా మారుతుంటాయి. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు పెరగడంతో ల్యాప్‌టాప్‌ల మీద కూడా ఆ భారం పడింది. కనుక కేవలం లెక్క కోసం ఒక ఉదాహరణ చెబుతాను. మన దగ్గర 3 లక్షల రూపాయలు ఉన్నాయనుకుందాం. బాగా చవకైన కొత్త యంత్రాలు రూ. 20,000 చొప్పున కొంటే 15 మందికి ఇవ్వవచ్చు. వేదిక నిండుతుంది. రెండో ఏడాదికి వాటిలో సగం మూలన పడితే మన లెక్క పుస్తకంలో 15 అని ఉంటుంది, విద్యార్థి చేతిలో మాత్రం ఏమీ ఉండదు.

అదే డబ్బును ఇంకోలా పంచుదాం. బరువైన సాఫ్ట్‌వేర్ అవసరమైన నలుగురికి రూ. 40,000 చొప్పున కొత్తవి కొంటే రూ. 1,60,000. మిగతా కోర్సుల వారు ఆరుగురికి రూ. 20,000 చొప్పున పరీక్షించి తెచ్చిన మంచి పాత యంత్రాలు కొంటే రూ. 1,20,000. ఇంకా రూ. 20,000 మిగిలింది. దాన్ని మరమ్మతుల నిధిగా పెట్టండి. బ్యాటరీ పోయినా, చార్జర్ పోయినా, ర్యామ్ పెంచవలసి వచ్చినా ఆ పదిమంది మళ్లీ ఎవరి ముందూ చేయి చాపనక్కరలేదు. 15 కంటే 10 చిన్న అంకె. కానీ నాలుగో ఏడాది చివర లెక్క చూస్తే పదే పెద్దదని తెలుస్తుంది.

మరమ్మతుల నిధికి దాత పేరు బోర్డు మీద పెద్దగా కనిపించదు. అయినా ఈ సంవత్సరం ఎవరైనా ఒక పెద్దమనిషి దానికోసమే ప్రత్యేకంగా ముందుకు రావాలని కోరుతున్నాను.

జకాత్ డబ్బుతో కొనే విషయంలో ఒక మాట. జకాత్‌గా ఇచ్చేది అర్హుడైన విద్యార్థికి పూర్తిగా సొంతం కావాలని చాలామంది ఉలమా చెబుతారు. కనుక వాడుకుని తిరిగి ఇచ్చే పద్ధతిలో ల్యాప్‌టాప్ లైబ్రరీ పెట్టదలచుకుంటే, దానికి సదఖా వంటి ఇతర విరాళాలను వేరుగా ఉంచడం మంచిది. ఖాతాలు మొదటే విడదీసి, ఆలిములను అడిగి నిర్ణయించుకోండి.

ఆడపిల్లల విషయంలో ఇంకో మాట చెప్పాలి. ఇంట్లో ఒకే ల్యాప్‌టాప్ ఉంటే అది ఎక్కువసార్లు అన్న చేతిలోనో తమ్ముడి చేతిలోనో ఉంటుంది. సినిమాలకు, ఆటలకు పోతుంది. పిల్ల రాత్రి పదకొండు దాటాక కూర్చుంటుంది. కనుక ఇచ్చేటప్పుడు బిల్లు ఆమె పేరునే రాయించండి. తల్లిదండ్రులను పిలిచి, "ఇది మీ అమ్మాయి చదువు కోసం ఇచ్చిన అమానత్, దీని మీద మొదటి హక్కు ఆమెది" అని పెద్దలు నాలుగు మాటలు చెప్పండి. కార్యదర్శి మాట ఆ ఇంట్లో పనిచేస్తుంది.

విద్యార్థి గౌరవం కూడా చూడాలి. మూత మీద అరచేతంత స్టిక్కరు అంటించి, పిల్లను వేదిక మీద నిలబెట్టి ఫొటో తీయనవసరం లేదు. క్లాసులో ఆ స్టిక్కరు చూసి నలుగురూ "ఎవరిచ్చారు?" అని అడుగుతారు. సీరియల్ నంబర్ మన రిజిస్టర్‌లో ఉంటే చాలు.

ఇచ్చి వదిలేయకుండా ఆరు నెలలకు ఒకసారి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడిగే వాలంటీర్ ఒకరు కావాలి. ల్యాప్‌టాప్ పనిచేస్తోందా? దేనికి వాడుతున్నావు? ఏమైనా సాయం కావాలా? నిలదీసినట్టు కాకుండా, ఇంట్లోవారు అడిగినట్టు అడగాలి. ఆ జవాబులు రాసి పెడితే వచ్చే ఏడాది ఏ మోడల్ కొనాలో, ఏది కొనకూడదో మనకే తెలుస్తుంది.

చివరిగా వ్యాపారులకు, ఐటీ కంపెనీల్లో పనిచేసే యువకులకు, గల్ఫ్‌లోనూ అమెరికాలోనూ ఉన్న మన బంధువులకు ఒక విన్నపం. మీ ఆఫీసుల్లో మార్చేసే ల్యాప్‌టాప్‌లు ఉంటే, కంపెనీ రాతపూర్వక అనుమతితో సొసైటీకి ఇప్పించండి. ఇచ్చే ముందు డేటా పూర్తిగా చెరిపి, కంపెనీ జాబితా నుంచి ఆ యంత్రాన్ని తొలగించమనండి. చార్జర్ కూడా కలిపి ఇవ్వండి. ర్యామ్, ఎస్ఎస్‌డీ మార్చి, సాఫ్ట్‌వేర్ వేసి సిద్ధం చేసే పని నేనూ, నా విద్యార్థులూ ఆదివారాలు కూర్చుని ఉచితంగా చేస్తాం. మీ బీరువాలో దుమ్ము పట్టిన ఒక యంత్రం, రెండు మూడు వేల ఖర్చుతో, ఒక పిల్ల చివరి ఏడాది ప్రాజెక్టుకు పనికిరావచ్చు.

ఈ దరఖాస్తుల పరిశీలన సంఘంలో కంప్యూటర్ తెలిసిన ఇద్దరిని, వారిలో ఒక సోదరిని, ఈ సమావేశంలోనే ఎన్నుకోవాలని అధ్యక్షులవారిని కోరుతున్నాను. కాలేజీలు తెరిచే లోపు జాబితా సిద్ధమైతే, మొదటి సెమిస్టర్ వృథా పోకుండా పిల్లల చేతికి యంత్రాలు అందుతాయి.

 మీ దానధర్మాలను అల్లాహ్ స్వీకరించుగాక.